అటక దించిన సామాను ఎటు పంపితే మేలు?

ఇంట్లో పేరుకున్న సామాను కాస్త తగ్గించాలని అనుకోని కుటుంబం ఉండదు. అయినా చాలా ఇళ్ళలో ఆ పని సగంలోనే ఆగిపోతుంది. పెట్టెలు అటక దిగుతాయి, హాలంతా పరచుకుంటాయి, "అది ఎప్పటికైనా పనికొస్తుంది, ఉండనివ్వండి" అని ఇంటి పెద్దావిడ అంటుంది, చీకటి పడేసరికి సగానికి పైగా మళ్ళీ పైకెక్కుతాయి. మమకారం ఒక్కటే దీనికి కారణమని నేను అనుకోను. తీసేసిన వస్తువు ఎటు పోతుందో ముందే తేల్చుకోకపోవడం అంతకంటే పెద్ద కారణం. చెత్తబండిలో వేయడానికి మనసొప్పదు, ఇద్దామంటే ఎవరికివ్వాలో తోచదు. అందుకని ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తర్జనభర్జన పడేముందు, మన ఊళ్ళలో పాత సామానుకు ఉన్న దారులేమిటో, వాటిలో ఏది మేలో చూడటం మంచిది.

భోగి మంట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అరిగిపోయిన చీపుళ్ళు, చిరిగిన చాపలు, విరిగిన తట్టలు, పిడకలు వేసిన రోజుల్లో అది ఇంటికీ ఊరికీ సరిపోయే పద్ధతే. ఇప్పుడు అటక మీంచి దిగేవి ప్లైవుడ్ బల్లలు, ఫోం పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, రెక్సిన్ కవర్లు. వీటిలో పీవీసీ అనే ప్లాస్టిక్ ఉంటే, అది కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుతో పాటు డయాక్సిన్లనే విషపదార్థాలు కూడా వెలువడతాయి. మంచు కమ్మిన జనవరి తెల్లవారుజామున ఆ పొగ పైకి పోక వీధిలోనే నిలుస్తుంది, మంట చుట్టూ చేరిన పిల్లలు దాన్నే పీలుస్తారు. చెత్తను ఆరుబయట తగలబెట్టకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా చెప్పాయి. పండుగ మంటకు పిడకలు, ఎండు కట్టెలు చాలు.

"పాత బట్టలకు స్టీలు సామాన్లు" అంటూ వీధిలోకి వచ్చే ఆడవాళ్ళతో బేరం ఇంకో దారి. ఆ బట్టల్లో కట్టదగినవాటిని బాగుచేసి మళ్ళీ అమ్ముతారు, మిగిలినవి తుడుపుగుడ్డలుగా మెకానిక్ షెడ్లకు పోతాయి. బట్ట వృథా కాదు, ఒక కుటుంబానికి జీవనం కూడా దొరుకుతుంది. ఇంట్లో సామాను తగ్గించాలన్న లక్ష్యం మాత్రం ఇక్కడ నెరవేరదు. పది చీరలు బయటికి పోతే ఒక బేసిను, రెండు డబ్బాలు లోపలికి వస్తాయి, కొన్నాళ్ళకు అవీ అటకెక్కుతాయి. నిజంగా లోటున్న గిన్నె ఏదైనా ఉంటేనే ఈ బేరం మంచిది.

పట్టుచీరల సంగతి వేరు. జరీ కోసం పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవాళ్ళు వెండి జరీ ఉన్నదానికే విలువ కడతారు. నకిలీ జరీ చీరకు వాళ్ళ లెక్కలో ధర దాదాపు ఉండదు. తూకానికి ఇచ్చేముందు ఆ చీర ఇంట్లో ఆడపిల్లకు పరికిణీ అవుతుందేమో చూడండి. మెత్తబడిన నూలు చీరలైతే బొంత కుట్టించండి. ఆరు చీరలు ఒక్క బొంతలో ఒదిగితే అలమరలో ఒక అర ఖాళీ అవుతుంది, ఆ బొంత రోజూ వాడకంలో ఉంటుంది.

ఇనుము, కాగితాలు, అట్టపెట్టెలు, సొట్టపడిన సత్తు గిన్నెల వంటివాటికి పాత సామాన్ల కొట్టును మించినది లేదు. లోహం కరిగి మళ్ళీ వస్తువవుతుంది, కాగితం మళ్ళీ కాగితమో అట్టో అవుతుంది. ఇంట్లో ఒకసారి తూచుకుని వెళితే తూకం దగ్గర మాట పట్టింపు రాదు. ఇత్తడి గంగాళాలు, గుండిగల విషయంలో మాత్రం తొందరపడవద్దని నా మాట. తూకంలో ఇత్తడికి ఇనుము కంటే ఎన్నో రెట్లు ధర వస్తుంది, నిజమే. కానీ కళాయి వేయిస్తే అదే గుండిగ మరో తరం వంట చేస్తుంది. తీసుకునేవాళ్ళు మీ కుటుంబంలో ఒక్కరున్నా అమ్మకండి.

పాత టీవీ, చార్జర్లు, ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోను ఈ కొట్టుకు వెళ్ళకూడదు. వెనక డబ్బాలా ఉండే పాత టీవీల గాజులో సీసం ఉంటుంది. రాగి కోసం తీగలను తగలబెట్టడం చాలాచోట్ల మామూలే, ఆ పొగ ఆ పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇవి చివరికి నమోదైన రీసైక్లర్లకే చేరాలి. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకునే దుకాణాలు చాలా ఉన్నాయి. ఫోనులోని ఫొటోలు, బ్యాంకు వివరాలు చెరిపేశాకే ఇవ్వండి.

ఈ దారులన్నిటిలో నా మొగ్గు ఇవ్వడం వైపే. అయితే ఇవ్వడం పేరుతో మనం చేసే అన్యాయం ఒకటుంది. బొత్తాలు లేని చొక్కా, జిప్పు పోయిన సంచి, పిడి ఊడిన కుక్కరు పనిమనిషి చేతిలో పెట్టి, ఏదో ఇచ్చామని తృప్తిపడతాం. వద్దనడానికి ఆమెకు నోరు రాదు. మన అటక బరువు ఆమె ఇరుకు గదిలోకి చేరుతుంది, అంతే. ఉతికి, ఇస్త్రీ చేసి, మన బంధువుకు ఇవ్వగలిగినదైతేనే ఎవరికైనా ఇవ్వాలి. ఇచ్చేముందు "ఇది మీకు అవసరమా?" అని అడిగి, వద్దంటే సంతోషంగా ఊరుకోవాలి.

అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో మొదలుపెట్టిన గూంజ్ సంస్థ ఈ గౌరవాన్నే తన పనికి పునాది చేసుకుంది. పల్లెవాళ్ళు తమ ఊరికి కావలసిన బావో, దారో తామే బాగుచేసుకుంటారు, ఆ శ్రమకు ప్రతిఫలంగా నగరాల నుంచి వచ్చిన బట్టలు, సామాను అందుకుంటారు. చేయి చాచే అవసరమే అక్కడ రాదు. కట్టడానికి పనికిరాని నూలు గుడ్డతో ఆడవాళ్ళకు నెలసరి ప్యాడ్లు తయారుచేస్తారు. గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. దగ్గరలో అలాంటి సంస్థ లేకపోతే మీ మున్సిపాలిటీలో కనుక్కోండి. పాత బట్టలు, పుస్తకాలు, బొమ్మలు తీసుకునే కేంద్రాలను నగరాలు, పట్టణాల్లో తెరిపించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మేలో ఒక కార్యక్రమం చేపట్టింది.

పుస్తకాల దగ్గర నేను మరీ పట్టుదలగా ఉంటాను. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి బైండు చేయించుకున్న సంపుటాలు మన తాతల ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. కిలోల లెక్కన తూచి ఇస్తే అవి పొట్లాలవుతాయి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం, హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల పాత పత్రికల విలువ తెలిసినవాళ్ళున్నారు. జాబితా రాసి ముందుగా అడగండి. మామూలు నవలలు, పాఠ్యపుస్తకాలైతే విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలోనో, ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే దుకాణాల్లోనో మరో పాఠకుడి చేతికి చేరతాయి.

మరి పెద్దావిడ అభ్యంతరం? ఆమె నిద్రపోయాక సర్దేయడం తేలిక, కానీ నేను దాన్ని సమర్థించను. ఆ ఇత్తడి బిందె ఆమె కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది కావచ్చు. దాన్ని ఎవరికివ్వాలో ఆమెనే అడగండి, ఆమె చేత్తోనే ఇప్పించండి. కొట్టుకు వేస్తామంటే ఒప్పుకోని మనిషి, మనవరాలి కొత్త కాపురానికంటే తానే చింతపండు పెట్టి తోమి సిద్ధం చేస్తుంది. ఆ రోజు ఆమె చెప్పే సంగతులు వినడానికి మీరు కూడా పక్కన కూర్చోండి.

ఇంతా చేస్తే వచ్చేది ఒక ఖాళీ గోడ, ఒక ఖాళీ మూల. అక్కడ మరో అలమర కొనిపెట్టకుండా, పిల్లల చదువు బల్లో, ఇన్నాళ్ళూ పెట్టెలో మగ్గిన హార్మోనియమో వేయండి. పని మొదలుపెట్టేటప్పుడు మాత్రం క్రమం మార్చండి. ముందు సంస్థకు, గ్రంథాలయానికి, కొట్టతనికి ఫోను చేసి ఏవి తీసుకుంటారో, ఎప్పుడు తీసుకుంటారో రాసుకోండి. ఆ తర్వాత వారానికి ఒక్క పెట్టె చొప్పున దించి, అందులోని సామాను గడప దాటాకే రెండోది ముట్టుకోండి.