తలుపు తట్టి “మీ చెట్టు ప్రమాదం, ఈరోజే కొట్టేస్తాం” అనేవాళ్ళతో జాగ్రత్త: ఇంగ్లండ్‌లో ఇల్లున్న మనవాళ్ళకు

ఇంగ్లండ్‌లో గార్డెన్ ఉన్న ఇల్లు కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. పిలవకుండా ఇంటికొచ్చి చెట్టు కొడతామనే ‘ట్రీ సర్జన్ల’ చేతికి ఆ రోజు పని అప్పగించకండి. డబ్బు పోవడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. చెట్టు చెడిపోతుంది, కౌన్సిల్ కేసు పెడితే మీ పేరు మీద కూడా పెడుతుంది, ఎత్తుకెళ్ళిన కొమ్మలు ఎక్కడో రోడ్డు పక్కన దొరికితే ఆ జరిమానా కూడా మీ ఇంటికే వస్తుంది.

ఇది నడిచే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. వ్యాన్ ఆగుతుంది. పక్క వీధిలో పని చేస్తున్నామని, మీ చెట్టుకు తెగులు పట్టిందని, మిషన్ ఇక్కడే ఉంది కాబట్టి ఈరోజైతే సగం రేటుకే చేస్తామని అంటారు. కాగితం ఉండదు, నోటి మాటే. పై కొమ్మలు రెండు మూడు కోశాక రేటు మారుతుంది: “లోపల కుళ్ళింది, పెద్ద మిషన్ తేవాలి”, “మేం చెప్పింది ఒక్కో మానుకు రేటు, మీ చెట్టుకు మూడు మానులున్నాయి”. అప్పటికి చెట్టు సగం తెగి ఉంటుంది, దారి నిండా కొమ్మలు పడి ఉంటాయి, కాదనడానికి వీలుండదు. నగదే కావాలంటారు, కొందరు ఏటీఎం దాకా వెంట వస్తారు. పగలు మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో అయితే ఇంకా సులువు. వాళ్ళకు ముందే చెప్పిపెట్టండి: ఎవరొచ్చి చెట్టు గురించి ఏం చెప్పినా “కాగితం మీద రాసి లెటర్ బాక్సులో వేసి వెళ్ళండి” అనడం తప్ప ఇంకో మాట అక్కర్లేదు.

ముందు ఆ ‘తెగులు’ సంగతి. యాష్ చెట్లకు నిజంగానే ఒక శిలీంధ్రపు తెగులు ఉంది, బ్రిటన్‌లో దాన్ని 2012లో గుర్తించారు. అందువల్లే ఆ పేరు చెప్పి భయపెట్టడం తేలిక. కానీ అన్ని చెట్లకంటే ఆలస్యంగా చిగురించేవాటిలో యాష్ ఒకటి. ఏప్రిల్‌లో మోడులా ఉంటే చచ్చిపోయిందని అర్థం కాదు. తెగులు ఉంటే వేసవి నడిమధ్య కూడా పై కొమ్మలు బోసిగా ఉంటాయి, ఆకులు నల్లబడి వాడి వేలాడతాయి, చిన్న కొమ్మ పెద్ద కొమ్మను కలిసే చోట బెరడు మీద వజ్రం ఆకారంలో మచ్చ కనిపిస్తుంది. బెరడు మీద బూడిదరంగు పొలుసుల్లా ఉండే లైకెన్ తెగులే కాదు. లేలాండీ (కంచెగా పెంచే, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు) లోపలి భాగం గోధుమరంగులో ఎండి ఉండడం దాని సహజం. ఐవీ తీగ పాకినంత మాత్రాన చెట్టు చావదు. చెట్టు ఎన్నో ఏళ్ళుగా ఒకే వంపులో ఉంటే అది ప్రమాదానికి గుర్తు కాదు. ఇటీవలే వాలి, మొదలు దగ్గర ఒకవైపు నేల పైకి లేస్తే లేదా పగుళ్ళిస్తే అప్పుడు తొందరపడాలి. ఏళ్ళ తరబడి నిలబడ్డ చెట్టు ఈ మధ్యాహ్నమే పడుతుందనడానికి ఇలాంటి కొత్త మార్పేదైనా చూపించగలగాలి.

మనం ఎక్కువగా దెబ్బతినేది అనుమతుల దగ్గర. మన రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉన్నా, సొంత పెరట్లో చెట్టుకు ఎవరినీ అడగకుండా గొడ్డలి పెట్టే అలవాటు మనది. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. చెట్టు మీ స్థలంలో ఉన్నా దాని మీద ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్ (టీపీవో), అంటే చెట్టును కాపాడే కౌన్సిల్ ఉత్తర్వు, ఉండొచ్చు. ఉంటే కౌన్సిల్ రాతపూర్వక అనుమతి లేకుండా కొట్టడమే కాదు, తల నరకడం, కొమ్మలు తీయడం, కావాలని దెబ్బతీయడం కూడా నేరమే. చెట్టును నాశనం చేస్తే కోర్టు వేసే జరిమానాకు గరిష్ఠ పరిమితి లేదు. అంతకన్నా చిన్న ఉల్లంఘనలకు 2,500 పౌండ్ల దాకా పడుతుంది. కోసినవాడితో పాటు కోయించినవాళ్ళు, కోయనిచ్చినవాళ్ళు కూడా బాధ్యులే. “పర్మిషన్ మేం చూసుకుంటాం” అన్న మాట కోర్టులో మిమ్మల్ని కాపాడదు. పైగా వాళ్ళ వ్యాన్ వెళ్ళిపోతుంది, ఇల్లు మాత్రం మీ పేరు మీదే ఉంటుంది.

టీపీవో అనుమతికి దరఖాస్తు రుసుము లేదు, మామూలుగా 8 వారాల్లో నిర్ణయం వస్తుంది. మీ వీధి కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపం చెడకుండా కౌన్సిల్ కాపాడే ప్రాంతంలో) ఉంటే టీపీవో లేకపోయినా కౌన్సిల్‌కు 6 వారాల ముందు నోటీసు ఇవ్వాలి. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కొలిస్తే మాను వ్యాసం 75 మిల్లీమీటర్లు దాటని చెట్లకు ఆ నోటీసు అక్కర్లేదు. చచ్చిన చెట్టుకు పూర్తి దరఖాస్తు అవసరం లేకపోయినా 5 పనిదినాల ముందు రాతపూర్వకంగా తెలపాలి. ఇప్పుడే కూలిపోయేలా ఉంటే అవసరమైనంత మేర కోసి వెంటనే తెలియజేయాలి, ఫొటోలు మాత్రం కోసే ముందే తీయాలి. కొత్త ఎస్టేట్లలో ఇల్లు కొన్నవాళ్ళు ‘మాది కొత్త ఇల్లు’ అని ధీమాగా ఉండొద్దు. కట్టుబడికి ముందు నుంచీ ఉన్న పెద్ద ఓక్ చెట్లకు టీపీవో ఉండడం మామూలే. లేకపోయినా ప్లానింగ్ షరతుల్లో ‘ఈ చెట్టు ఉంచాలి’ అని ఉండొచ్చు. కౌన్సిల్ వెబ్‌సైట్ మ్యాప్ చూసి వదిలేయకుండా, అక్కడి ట్రీ ఆఫీసర్‌కు మీ అడ్రసు, చెట్టు ఉన్న చోటు రాసి ఈమెయిల్ పంపండి. జవాబు దాచుకోండి. పక్కింటి చెట్టు కొమ్మలు మీవైపు వాలితే సరిహద్దు గీత వరకు కోసే హక్కు మీకుంది, కానీ ఆ చెట్టు మీద టీపీవో ఉంటే అదే అనుమతి అప్పుడూ కావాలి.

ఇక పని నాణ్యత. తలుపు తట్టేవాళ్ళు ఎక్కువగా చేసేది ‘టాపింగ్’, అంటే చెట్టు తల మొత్తాన్ని ఒకే ఎత్తులో నరికేయడం. ఆ రోజు వెలుతురు బాగా వస్తుంది, చెట్టు చిన్నదైనట్టు కనిపిస్తుంది. కానీ ఆకులన్నీ పోయిన చెట్టు నిల్వ ఉన్న శక్తినంతా పెట్టి నరికిన చోట గుబురుగా చువ్వల్లాంటి కొమ్మలు వేస్తుంది. అవి మాను లోపలి నుంచి పుట్టినవి కావు, పై పొరకు అంటుకుని ఉంటాయి. ఈలోగా పెద్ద కోతల్లోంచి నీరు, శిలీంధ్రం లోపలికి దిగి కుళ్ళు మొదలవుతుంది. కొన్నేళ్ళకు అదే ఎత్తుకు వస్తుంది, కింద కుళ్ళిన పునాది, పైన బరువైన కొమ్మలు. ముందు లేని ప్రమాదం అప్పుడు నిజంగా వస్తుంది. మళ్ళీ ఖర్చు, అదీ మొదటిదాని కంటే ఎక్కువ. ఇది చూస్తుంటే మాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే 80 ఏళ్ళ చెట్టును ఒక పూటలో పాడుచేస్తే తిరిగి బాగుచేసే దారి లేదు.

బ్రిటన్‌లో చెట్ల పనికి ప్రమాణం బీఎస్ 3998:2010. కొటేషన్‌లో ఆ పేరు ఉందా చూడండి, ఉన్నంత మాత్రాన కూడా నమ్మకండి, పని వివరం చదవండి. “30 శాతం తగ్గిస్తాం” అంటే దేనిలో 30 శాతమో ఎవరికీ తెలియదు: ఎత్తులోనా, వెడల్పులోనా, ఆకులోనా? మీటర్లలో రాయించండి. ఉదాహరణకు ఇలా: “వెనక గార్డెన్‌లోని ఓక్: ఇప్పుడు ఎత్తు 14 మీటర్లు, పని తర్వాత 12, వెడల్పు 10 నుంచి 8.5 మీటర్లకు, ప్రతి కోతా బలమైన పక్క కొమ్మ దగ్గరే, ఎండు కొమ్మలు తీయాలి, కొమ్మలన్నీ తీసుకెళ్ళాలి, దుంగలు ఇంటివాళ్ళకు వదలాలి.” దుంగల సంగతి చిన్న విషయం అనుకోకండి. కాల్చుకునే కట్టెకు ఇక్కడ మంచి ధర ఉంది, వాల్‌నట్, ఓక్ లాంటి మానులకు ఇంకా ఎక్కువ.

పని జరిగేటప్పుడు మీరే చూడగలిగేవి కొన్ని. కొమ్మ మానును కలిసే చోట ఉబ్బెత్తుగా కాలర్ ఉంటుంది. కోత దాని బయటి అంచున పడాలి. మానుకు సమంగా చెక్కేస్తే గాయం మూసుకోదు, జానెడు మొండి వదిలేస్తే అది ఎండి కుళ్ళు లోపలికి పోతుంది. బరువైన కొమ్మను మూడు కోతల్లో తీయాలి: ముందు కింద నుంచి కొంచెం, తర్వాత కాస్త అవతల పై నుంచి, చివరికి మిగిలిన మొండిని కాలర్ దగ్గర. ఒకే కోతలో లాగేస్తే బెరడు మాను కింది దాకా చీరుకుపోతుంది. పక్క కొమ్మ దగ్గరికి తగ్గించేటప్పుడు ఆ పక్క కొమ్మ, కోసే కొమ్మ మందంలో కనీసం మూడో వంతు ఉండాలి, లేకపోతే చెట్టు దాన్ని పోషించుకోలేదు. ఉంచుకునే చెట్టును కాలికి ముళ్ళ స్పైకులు కట్టుకుని ఎక్కనివ్వకండి. ప్రతి అడుగూ ఒక గాయం. స్పైకులు పూర్తిగా కొట్టేసే చెట్టుకే. కోతకు రంగు పూస్తామని అదనంగా అడిగితే వద్దనండి, దాని వల్ల కుళ్ళు ఆగదు.

లేలాండీ హెడ్జ్ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త. పచ్చటి భాగం దాటి గోధుమరంగు చెక్క దాకా కోస్తే అక్కడ మళ్ళీ చిగురు రాదు, ఆ బోసి జీవితాంతం ఉంటుంది. చెర్రీ, ప్లమ్ చెట్లను చలికాలంలో కోయిస్తే సిల్వర్ లీఫ్ తెగులు సోకే ముప్పు ఎక్కువ, వేసవిలో కోయించండి. బర్చ్, వాల్‌నట్, మేపుల్ చెట్లు వసంతంలో కోస్తే ధారగా కారతాయి. మార్చి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్ళు పెట్టే కాలం, వాడుకలో ఉన్న గూడును పాడుచేస్తే 1981 నాటి వన్యప్రాణుల చట్టం కింద నేరం. మానులో తొర్ర ఉంటే గబ్బిలాల సంగతి చూడకుండా రంపం పెట్టకూడదు. అవి ఆ రోజు లోపల లేకపోయినా వాటి నివాసానికి రక్షణ ఉంది.

మొద్దు తీయించేటప్పుడు ఎంత లోతుకు అన్నది రాయించండి. మామూలుగా నేల కింద 150 నుంచి 300 మిల్లీమీటర్ల దాకా గ్రైండ్ చేస్తారు. అదే చోట మళ్ళీ చెట్టు నాటాలన్నా, పేవింగ్ వేయాలన్నా ముందే చెప్పాలి. గ్యాస్, కరెంటు లైన్లు ఎటు పోతున్నాయో చూడకుండా గ్రైండర్ దించేవాణ్ణి అక్కడే ఆపండి. లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేలల్లో ఇంటికి దగ్గరగా ఉన్న పెద్ద చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే అది తాగే నీరంతా మట్టిలోనే మిగిలి నేల ఉబ్బి పునాదిని పైకి నెట్టవచ్చు. అలాంటి చోట ముందు ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీతో, అవసరమైతే స్ట్రక్చరల్ ఇంజనీరుతో మాట్లాడాలి.

కాగితాల విషయానికొస్తే, ‘ట్రీ సర్జన్’ అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, దానికి లైసెన్సు లేదు. అందుకే మీరు అడగాలి. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనివల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) సర్టిఫికెట్ అడగండి, 50 లక్షల పౌండ్ల కవర్ ఈ వృత్తిలో మామూలు. ఫోన్‌లో ఫొటో చూసి ఊరుకోకుండా ఇన్సూరెన్స్ కంపెనీ నంబరు మీరే వెతికి ఫోన్ చేసి, పాలసీ నడుస్తోందా, ఎత్తు మీద చెట్ల పనికి వర్తిస్తుందా అడగండి. తోటపని పాలసీల్లో ఎత్తు పరిమితి ఉండడం, చెట్లు కొట్టడం మినహాయించడం ఉంటుంది. పనివాళ్ళను పెట్టుకున్నవాడికి ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి. ఎన్‌పీటీసీ లేదా లాంట్రా సంస్థలిచ్చే నైపుణ్య సర్టిఫికెట్లు చెట్టెక్కే మనిషి పేరు మీదే ఉండాలి: రంపం నిర్వహణ, తాడు మీద ఎక్కి పైనుంచి మనిషిని దించే రక్షణ, తాడు మీద ఉండి రంపం వాడడం. ఒక్కడే వచ్చి చెట్టెక్కుతానంటే పంపేయండి. పైవాడికి దెబ్బ తగిలితే ఎక్కి దించగల రెండో మనిషి కింద ఉండాలి. కొమ్మలు తీసుకెళ్ళేవాడికి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వేస్ట్ క్యారియర్ నంబరు ఉండాలి, ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. చూడకుండా ఇస్తే, ఆ చెత్త ఎక్కడైనా పారబోసి దొరికినప్పుడు 600 పౌండ్ల దాకా జరిమానా ఇంటివాళ్ళకు వేయొచ్చు.

సొంతంగా పని చేసుకునే నిజాయితీపరులు ఈ వృత్తిలో చాలామంది ఉన్నారు, వాళ్ళ రేటు ఎందుకు ఎక్కువో అర్థం చేసుకోవాలి. వ్యాన్, చిప్పర్ (కొమ్మలను ముక్కలు చేసే యంత్రం), డీజిల్, తాళ్ళు, ఇన్సూరెన్స్, కింద ఉండే మనిషి కూలి, కొమ్మల చెత్తను పారేసే ఖర్చు, వాన వల్ల ఆగిపోయిన రోజులు, అన్నీ ఆ రేటులోనే రావాలి. మిగతా కొటేషన్లలో సగానికే వచ్చినవాడు వీటిలో ఏదో ఒకటి ఎగ్గొట్టాడు, అది ఎక్కువగా ఇన్సూరెన్సో చెత్త ఖర్చో అవుతుంది. చిన్నవాళ్ళు చాలామంది వ్యాట్‌లో ఉండరు, ఏటా 90,000 పౌండ్ల టర్నోవర్ దాటితేనే తప్పనిసరి. కాబట్టి వ్యాట్ లేకపోవడం తప్పు కాదు, వ్యాట్ వసూలు చేసి నంబరు ఇవ్వకపోవడం తప్పు. మంచివాళ్ళకు ఎక్కువగా వారాల ముందే పని ఉంటుంది. ఈ మధ్యాహ్నమే ఖాళీగా ఉన్నాడంటే అదొక సూచన.

ఒప్పేసుకున్నారా? మీ ఇంట్లో కుదిరిన, 42 పౌండ్లు దాటిన ఒప్పందాన్ని 14 రోజుల్లోగా రద్దు చేసుకునే హక్కు ఉంది, ఆ హక్కు గురించి రాతలో చెప్పడం వాళ్ళ బాధ్యత. వెంటనే మొదలుపెట్టమని మీరు రాతపూర్వకంగా అడిగితే చేసినంత పనికి కట్టాల్సి రావచ్చు, పని పూర్తయ్యాక ఆ హక్కు పోతుంది. అందుకే “ఈరోజే మొదలుపెట్టండి” అని సంతకం పెట్టకండి. అడ్వాన్స్ తప్పనిసరైతే క్రెడిట్ కార్డు మీద ఇవ్వండి. పని ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే కార్డు కంపెనీ కూడా బాధ్యత పడుతుంది.

పని మధ్యలో రేటు పెంచితే రంపం ఆపమని చెప్పండి, చెట్టునూ, కోతలనూ, వ్యాన్ నంబరునూ ఫొటోలు తీయండి, బెదిరిస్తే 999. మిగిలిన సగం పనిని వాళ్ళ చేతే పూర్తి చేయించకండి. కొమ్మలు వేలాడుతుంటే కింద ఎవరినీ నిలబడనివ్వకుండా అర్హత ఉన్న ఆర్బరిస్ట్‌ను (చెట్ల నిపుణుణ్ణి) పిలవండి. అది టీపీవో చెట్టని తర్వాత తెలిస్తే దాచకుండా మీరే ముందు ట్రీ ఆఫీసర్‌కు రాయండి, మొద్దును గ్రైండ్ చేయించకండి, అదే సాక్ష్యం. ఫిర్యాదుకు సిటిజన్స్ అడ్వైస్ వినియోగదారుల లైన్ 0808 223 1133, వాళ్ళు ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు (వ్యాపార మోసాలను చూసే కౌన్సిల్ విభాగానికి) పంపుతారు. ఇక్కడ చెప్పినవన్నీ ఇంగ్లండ్ నియమాలు, స్కాట్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్ళు అక్కడి కౌన్సిల్‌ను విడిగా అడగండి.