శాసనసభ ప్రశ్నోత్తరాల ప్రత్యక్ష ప్రసారం: ఒంగోలు ప్రేక్షకుడి సమీక్ష

1996లో శంకుస్థాపన జరిగిన వెలుగొండ ప్రాజెక్టు నీటి కోసం ఎదురుచూస్తున్న ప్రకాశం జిల్లావాడిగా, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రశ్నోత్తరాల ప్రత్యక్ష ప్రసారాన్ని నేను శ్రద్ధగా చూస్తాను. ఇందులో అన్నిటికన్నా విలువైనది అనుబంధ ప్రశ్నల ఘట్టం. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు, అంటే సభలో నోటితోనే జవాబు చెప్పాల్సిన ప్రశ్నకు, మంత్రి ముందే సిద్ధం చేసుకున్న సమాధానంతో వస్తారు. కానీ సభ్యుడు వెంటనే లేచి, వెలుగొండ సొరంగాలకు ఎంత ఖర్చయింది, నిర్వాసితుల పునరావాసానికి ఎంత ఇచ్చారు, మిగిలిన పనికి ఈ బడ్జెట్‌లో కేటాయించినది సరిపోతుందా అని విడివిడిగా అడిగితే, ఆ శాఖపై మంత్రికి ఉన్న పట్టు మన కళ్లముందే తేలిపోతుంది. మరునాటి పత్రికలో వచ్చే నాలుగు వాక్యాల వార్తలో ఇది దొరకదు.

లోటు కూడా చెప్పాలి. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలకు రాతపూర్వక సమాధానాలే ఉంటాయి కనుక, రైతుకు ఎంతో అవసరమైన ఆ అంకెలు ప్రసారంలో వినిపించవు. వాటిని తెరపై చూపితే ఎంతో మేలు. మా వీధి కేబుల్‌లో ప్రసారం తరచూ ఆగిపోతున్నందున నేను ఫోనులోనే చూస్తున్నాను. సాధారణంగా సభ ప్రశ్నోత్తరాలతోనే మొదలవుతుంది కాబట్టి, చూడదలచినవారు ఆరంభానికే సిద్ధంగా ఉండాలి.