మా బోటుకు ఏడేళ్లు జింకు దిమ్మలు వాడాం, నాలుగేళ్లుగా అల్యూమినియం దిమ్మలు

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే మా బోటు గట్టెక్కుతుంది. అడుగున నేను మొదట చూసేది గుల్లల్ని కాదు, ఇనుప చుక్కానికి బిగించిన దిమ్మల్ని. ఉప్పునీళ్లలో ఆ దిమ్మలు తాము కరుగుతూ చుక్కాని, ప్రొపెల్లర్ లాంటి లోహపు భాగాలు తినేయకుండా కాపాడాలి. చీమలు కొరికిన బెల్లం ముక్కలా గుంటలు పడి సగం కరిగి ఉంటే నిశ్చింత. నున్నగా, కొత్తవాటిలా కనిపిస్తే టెన్షన్ మొదలు.

ఈ సంగతి నాకు నాలుగో ఏడాదికి గానీ తెలిసిరాలేదు. "గట్టి సరుకండీ, ఇంకో ఏడాది లాగేస్తుంది" అని మేస్త్రి గారు అంటే, డబ్బులు మిగిలాయని సంతోషపడి అవే ఉంచేశాను. మరుసటి ఏడాదికి ప్రొపెల్లర్ రెక్క అంచు గులాబీ రంగుకు తిరిగింది. సుత్తితో కొడితే ఖంగుమనాల్సింది టప్పుమంది. స్క్రూడ్రైవర్‌తో గీస్తే పొడి రాలింది. దాన్ని కంచు అంటాం గానీ నిజానికి ఇత్తడి జాతిదే, అందులో జింకు బాగానే ఉంటుంది. ఉప్పునీళ్లలో ఆ జింకు కాస్తా పోతే మిగిలేది గుల్లబారిన రాగి. దిమ్మ కరగాల్సింది పోయి ప్రొపెల్లర్ కరిగిందన్నమాట.

జింకు ఎందుకు పనిచేయలేదంటే, మాది కాకినాడ. బోట్లు కట్టేది జగన్నాథపురం కాలువలో. వానలు పడితే ఆ నీళ్లలో ఉప్పు తగ్గిపోతుంది. అలాంటి నీళ్లలో జింకు మీద తెల్లటి గట్టి పొర పట్టి, అది మొద్దుబారిపోతుంది. పైగా మేం కొన్నది తుక్కు కరిగించి పోసిన సరుకు. మంచి జింకు దిమ్మలో ఇనుము 0.005 శాతం కూడా దాటకూడదు, తుక్కు సరుకులో ఆ లెక్క ఎవరు చూస్తారు? అది చాలదన్నట్టు రంగు వేసే కుర్రాడు ఉత్సాహంగా దిమ్మలకు కూడా ఎర్ర పెయింట్ కొట్టేశాడు. రంగు పడిన దిమ్మ ఉన్నా లేనట్టే.

అల్యూమినియానికి మారాక ఈ బాధ తప్పింది. గిన్నెల అల్యూమినియం కాదండోయ్, దీంట్లో జింకు, ఇండియం అనే లోహం చిటికెడు కలుపుతారు. ఆ చిటికెడు లేకపోతే దీనికీ పొర పడుతుంది. అది కలిస్తే ఉప్పు తగ్గిన నీళ్లలోనూ దిమ్మ కరుగుతూనే ఉంటుంది. కిలో అల్యూమినియం రమారమి మూడు కిలోల జింకు పని చేస్తుంది. రెంటినీ ఒకే బోటుకు కలిపి మాత్రం బిగించొద్దు. అల్యూమినియం ఆ జింకును కూడా కాపాడుతూ తానే అరిగిపోతుంది.

మాది కర్ర బోటు కాబట్టి ఇంకో గొడవ ఉంది. ప్రొపెల్లర్ దెబ్బకు బెదిరి, మారిన మొదటి ఏడాది రెండు దిమ్మలు ఎక్కువ కొట్టించాను. ఏడాది తిరిగేసరికి బోల్టుల చుట్టూ చెక్క మెత్తబడి, తెల్లగా సున్నం పూసినట్టయింది. కాపుదల మితిమీరితే లోహం దగ్గర క్షారం పుట్టి కర్రను తినేస్తుందట. అదనపువి రెండూ పీకించేశాను. ఇప్పుడు చుక్కానికి రెండు, ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టుకు కాలర్‌లా చుట్టి బిగించే దిమ్మ ఒకటి, అంతే.

ప్రొపెల్లర్ భద్రంగా ఉన్న ఏడాది దాని మీద గుల్లలు ఎక్కువ పడతాయి. కరిగే రాగే గుల్లల్ని రానివ్వదు మరి. 1824లో హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త ఇంగ్లండ్ నౌకల రాగిరేకులకు ఇదే ఉపాయం చేస్తే రాగి దక్కింది, అడుగంతా గుల్లలు పట్టాయి. మేం గీకుతూ తిట్టుకుంటాం.

బిగించే ముందు చుక్కాని మీద ఆ చోట గ్రైండర్‌తో లోహం తెల్లగా మెరిసేదాకా రుద్దిస్తాను. బిగించాక మల్టీమీటర్ ఒక కొస దిమ్మకు, ఇంకో కొస చుక్కానికి పెట్టి చూస్తాను. రెంటి మధ్య రెసిస్టెన్స్ ఒక ఓమ్ దాటితే విప్పి మళ్లీ రుద్దాల్సిందే. ప్రతి దిమ్మనూ చేపల కాటా మీద తూచి రాసుకుంటాను. పోయినసారి 2 కిలోల 100 గ్రాములతో వెళ్లింది కిలో లోపుకు వచ్చింది. సగం దాటింది కాబట్టి మార్చేశాం.

షాఫ్టు కాలర్ ఒక్కటే నాకింకా కుదరలేదు. గేర్‌బాక్సులో ఆయిల్ కరెంటుకు అడ్డం కాబట్టి షాఫ్టుకు దాని కాలర్ దానికి ఉండాలి, కానీ తిరిగి తిరిగి వదులై రెండుసార్లు సముద్రంలో ఊడిపోయింది. ఈసారి వారం తిప్పాక ఒక కుర్రాణ్ణి నీళ్లలోకి దింపి మళ్లీ బిగించాం. ఏప్రిల్‌లో చూడాలి ఉందో లేదో.