కొలత మన గుర్రానిది, జీను గోదాములోది: ఈ ఫిట్టరుతో జాగ్రత్త

నాందేడ్, నిజామాబాద్, కామారెడ్డి, ఆదిలాబాద్ జిల్లాల్లో గుర్రాలు పెంచుతున్న మిత్రులందరికీ ఈ హెచ్చరిక. గుర్రం వీపు కొలిచి, ఆ కొలతకే జీనూ కళ్లెమూ చేయించి ఇస్తానని ఊరూరా తిరుగుతున్న ఫిట్టరుకు దయచేసి అడ్వాన్సు ఇవ్వకండి. మార్గశిరంలో మాళేగావ్ ఖండోబా జాతరకు వెళ్లినవారికి ఆయన ఎవరో వేరే చెప్పనక్కరలేదు. నేననేది లోహా తాలూకాలోని మన మాళేగావ్, నాసిక్ వైపు ఉన్న ఊరు కాదు. గుర్రాల బజారు పక్కన గుడారం వేసి, మెరిసే ఇంగ్లీషు జీనులు వరుసగా పేర్చి, ఎండలోనూ టై విప్పకుండా కూర్చునే పెద్దమనిషి ఆయనే. పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట రాశాను.

మాది దెగ్లూరు దగ్గరి పల్లె. మూడు గుర్రాలున్నాయి: చంద్రి అనే మార్వాడీ ఆడగుర్రం, బాద్షా అనే కాఠియావాడీ, సోన్యా అనే పొట్టి భీమ్‌థడి. పెళ్లిళ్ల కాలంలో ఊరేగింపులకు పంపుతాం, మిగిలిన రోజుల్లో పిల్లలకు స్వారీ నేర్పుతాం. పాత జీనులు పాడయ్యాయి, కొత్తవి కావలసి వచ్చాయి, జాతరలో ఈయన దొరికారు. జీనుకు 30,000, కళ్లెం సెట్టుకు 5,000, కొలత తీసినందుకు 3,000 చొప్పున మూడు గుర్రాలకు కలిపి 1,14,000 రూపాయలన్నారు. అందులో సగం ముందే చెల్లించాను. ప్లాస్టిక్ కవరు వేసిన విదేశీ సర్టిఫికెట్టును ఆయన చూపించినప్పుడు దాన్ని రెండు చేతులతో అందుకుని భక్తిగా చదివిన మహానుభావుణ్ణి కూడా నేనే.

జనవరిలో కొలతలకు వచ్చిన రోజు ఆయన చేసిన పనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా మంటంతా అందుకే. తెలియక చేసిన మనిషైతే ఈ పోస్టు రాసేవాణ్ణి కాను. గుర్రాన్ని చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమానంగా మోపి నిలబెట్టించారు. భుజపు ఎముక వెనుక అంచును చేత్తో తడిమి సుద్దతో గీత గీశారు. ముందరి కాలును ముందుకు సాచి, ఆ ఎముక పైభాగం ఎంత వెనక్కి జరుగుతుందో చూపించి, జీను దాని వెనుకే కూర్చోవాలి తప్ప మీదికి ఎక్కకూడదని చెప్పారు. గుర్రానికి సాధారణంగా పద్దెనిమిది జతల పక్కటెముకలుంటాయనీ, చివరి పక్కటెముక దాటి నడుము మీద బరువు పడకూడదనీ వేలితో లెక్కపెట్టి చూపించారు. వంచితే వంగి అలాగే నిలిచే కొలబద్దను మెడా వీపూ కలిసేచోట ఎత్తుగా ఉండే మూపు మీద, దాని వెనుక, వీపు మధ్యలో ఆనించి, ఆ వంపులను గోధుమరంగు కాగితాల మీద గీసి, ఒక్కో కాగితం మీద గుర్రం పేరూ తేదీ రాసుకున్నారు.

మా మూడు గుర్రాలకు మూడు వేర్వేరు జీనులు ఎందుకు కావాలో కూడా ఆయన నోటితోనే విన్నాం. చంద్రి మూపు ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది. బాద్షా వీపు నడుమ కొంచెం దిగి ఉంటుంది. సోన్యాకు మూపు ఉందా లేదా అన్నంత గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. జీను లోపల ట్రీ అనే గట్టి చట్రం ఒకటి ఉంటుందనీ, దాని వెడల్పు, వంపు ఆ గుర్రం వీపుకు సరిపోకపోతే పైన ఎంత మంచి తోలు కుట్టినా వృథాయేననీ, మూడు ట్రీలూ కాన్పూరులో విడివిడిగా చేయిస్తాననీ మా ముంగిట నిలబడి హామీ ఇచ్చారు.

హోలీకి ముందు జీపులో మూడు పెట్టెలు తెచ్చారు. జీపు దిగగానే మిగిలిన 57,000 అడిగారు. అవి లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్న తరువాతనే మొదటి జీనుకు కవరు విప్పారు.

చంద్రి మీద జీను వేసి మా అబ్బాయి ఎక్కగానే జీను ముందు భాగంలోని వంపు, అంటే తోరణం, దిగిపోయి మూపు మీద ఆనుకుంది. రెండు మూడు వేళ్లు సులువుగా దూరవలసిన ఖాళీలో చిటికెనవేలు కూడా దూరలేదు. బాద్షా మీద వేస్తే ముందూ వెనుకా మాత్రమే తాకి, మధ్యలో అరచేయి అడ్డంగా పెట్టినా తగలనంత ఖాళీ మిగిలింది. అంటే సవారీ చేసే మనిషి బరువంతా నాలుగు మూలల మీదే పడుతుందన్నమాట. సోన్యా మీద దాని జీను ఎత్తుగా కూర్చుని, పొట్ట కింద కట్టే తంగు ఎంత బిగించినా ఒక పక్కకు ఒరిగిపోయింది. తాతకూ కొడుకుకూ మనవడికీ ఒకే కొలత చెప్పులు కొని తెచ్చి, ముగ్గురి కాళ్లూ కొలిచే కొన్నానని చెప్పినట్టుంది.

కళ్లేల సంగతి ఇంకా ఘోరం. మార్వాడీ గుర్రాల చెవులు లోపలికి వంపు తిరిగి కొసలు ఒకదానికొకటి తగిలేట్టుంటాయని మనవాళ్లకు చెప్పనవసరం లేదు. అలాంటి చంద్రికి నొసటి పట్టీ పొట్టిది ఇవ్వడంతో తలపట్టీ ముందుకు లాగుకొచ్చి చెవుల మొదళ్లను ఒరుసుకుంది, అది తల విదిలించడం మొదలుపెట్టింది. సోన్యా చిన్న నోటికి తగిలించిన ఇనుము రెండు పక్కలా బొటనవేలి మందాన బయటకు వచ్చి, పగ్గం లాగినప్పుడల్లా నోట్లో అటూ ఇటూ జారింది. పక్కకు అర సెంటీమీటరుకు మించి రాకూడదని జనవరిలో మాకు నేర్పింది ఈయనే. బాద్షా ముక్కు పట్టీ చివరి రంధ్రానికి పెట్టినా, ముక్కు ఎముకకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు కాదు కదా ఒకటి కూడా పట్టలేదు.

అడిగితే కొత్త సరుకు అలాగే ఉంటుందనీ, రెండు నెలల్లో సర్దుకుంటుందనీ, అంతవరకు కింద మందపాటి నమ్దా, అంటే ఉన్ని పరుపు, వేసుకోమనీ చెప్పారు. జీను మెత్తల్లో నింపిన ఉన్ని వాడుకలో అణగుతుంది, నిజమే. అందుకే మంచి ఫిట్టర్లు ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ వచ్చి సరిచూస్తారు. లోపలి ట్రీ మాత్రం అణగదు, వెడల్పు పెరగదు, వంపు మారదు. బిగుతైన జీను కింద నమ్దా వేస్తే బిగుతు ఇంకా పెరుగుతుంది.

ఆ సమయంలో, మేమంతా కాక అని పిలిచే మా సాయిస్, సోన్యాను పొలం చుట్టూ దుడికి, అంటే చిన్న పరుగుగా, తిప్పి తెచ్చి జీను దించారు. వీపంతా చెమట పట్టి ఉండగా భుజాల వెనుక రెండు పక్కలా అరచేయంత మేర పొడిగా మిగిలింది. ఒత్తిడి ఎక్కడ ఎక్కువగా పడుతోందో అంతకంటే తేటగా చెప్పే గుర్తు ఉండదు. కాక ఆ మచ్చలను చూపించి, గొంతు కూడా పెంచకుండా, ‘సాబ్, ఇక్కడ పట్టేస్తోంది, చూడండి’ అన్నారు. మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో గుర్రాలను చూస్తున్న మనిషి ఆయన. ఫిట్టరుగారు సోన్యా వైపు కూడా చూడలేదు. నా వైపు తిరిగి, నవ్వుతూ, ‘లద్దె ఎత్తేవాళ్లు కూడా జీనుల గురించి చెబితే మా చదువులు ఎందుకండీ? అయినా ఇవి బారాత్ గుర్రాలే కదా, ఒలింపిక్సుకు ఏమైనా పంపుతున్నారా?’ అన్నారు.

ఆ మాట విన్నాక నాకు డబ్బు సంగతి కాసేపు గుర్తు రాలేదు. కాక ఏమీ అనకుండా పక్కకు వెళ్లి జీనుల బట్ట కవర్లు మడవసాగారు. కాసేపటికి మొదటి కవరు తెచ్చి లోపలి అంచును తిరగేసి నా ముందు పెట్టారు. అక్కడ కుట్టిన లేబుల్ మీద కాన్పూరు కంపెనీ ముద్ర, ‘మీడియం’ అనే సైజు, తయారైన నెల అక్టోబరు అని ఉన్నాయి. మిగిలిన రెండు కవర్లలోనూ అదే సైజు, అదే నెల. ఆయన మా గుర్రాల వీపుల మీద కొలబద్ద పెట్టింది జనవరిలో. అంటే మా ముంగిట సుద్ద గీతలు గీసేనాటికే ఆ జీనులు మూడూ కుట్టించి, కట్టి, ఎక్కడో గోదాములో ఉన్నాయి. మాళేగావ్ జాతరకు కూడా అవి ముందే పుట్టాయి.

లేబుల్ చూపిస్తే ముందు అది కవరు తేదీ అన్నారు. జీనుకు పక్కన వేలాడే తోలు రెక్క కింద అదే ముద్ర చూపిస్తే, ట్రీలు ముందే చేసి ఉంచుతారనీ, కొలత ప్రకారం ‘లోపల మార్పులు’ చేయించాననీ అన్నారు. ఏ మార్పులో చెప్పమంటే ఫ్యాక్టరీని అడగాలన్నారు. మా కొలత కాగితాలు తిరిగి ఇవ్వమంటే అవీ ఫ్యాక్టరీలోనే ఉన్నాయట, పంపిస్తారట. ఈ మాట రాసేనాటికి ఒక్క కాగితమూ రాలేదు. చివరికి జీనులు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వమంటే ఆయన ఇచ్చిన జవాబు మీరు జాగ్రత్తగా చదవాలి: ‘ఇవి మీ గుర్రాల కొలతకు ప్రత్యేకంగా చేయించినవి, కస్టమ్ ఆర్డరుకు వాపసు ఉండదు.’

ఇదీ ఆయన వ్యాపారం. కుట్టించేటప్పుడు అవి రెడీమేడు, ధర చెప్పేటప్పుడు కస్టమ్, గుర్రానికి సరిపోనప్పుడు ‘సర్దుకుంటుంది’, డబ్బు తిరిగి అడిగినప్పుడు మళ్లీ కస్టమ్. రెడీమేడు జీను అమ్మడం తప్పేమీ కాదు. కాన్పూరు సరుకు పేరున్న సరుకే, అక్కడి నుంచి విదేశాలకూ పోతుంది. రెడీమేడని చెప్పి రెడీమేడు ధరకు అమ్మి ఉంటే, చంద్రికి ఇరుకు సైజూ సోన్యాకు వెడల్పు సైజూ నేనే అడిగి తీసుకునేవాణ్ణి. కొలత పేరిట గుర్రానికి 3,000 తీసుకుని, ఆ కొలతను ఎవరికీ చూపించకుండా పారేయడం మాత్రం మోసం.

చంద్రి మూపు మీద మరునాటికి వాపు వచ్చింది. పశువైద్యుడు చూసి, వాపు పూర్తిగా తగ్గేవరకు వీపు మీద ఏమీ వేయవద్దన్నారు. లోపల గట్టిగా నలిగి ఉంటే వెంట్రుకల మొదళ్లలో రంగునిచ్చే కణాలు దెబ్బతిని అక్కడ తెల్ల వెంట్రుకలు మొలుస్తాయట. అవి వస్తాయో లేదో కొన్నాళ్లకు గాని తెలియదు. ఒప్పుకున్న పెళ్లిళ్లకు పక్క ఊరివారి గుర్రాలను పంపవలసి వచ్చింది. ‘బారాత్ గుర్రాలే కదా’ అన్న పెద్దమనిషి తెలుసుకోవలసింది ఒకటుంది. బరువు లాగే, మోసే జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించేందుకు 1965లో కేంద్రం చేసిన నిబంధనల్లో, జీను తోరణానికీ మూపుకూ మధ్య తగినంత ఖాళీ లేకుండా గుర్రానికి జీను వేయరాదని విడిగా రాసి ఉంది. పెళ్లి గుర్రమని అందులో మినహాయింపేమీ లేదు. చంద్రిని ఆ జీనుతో ఊరేగింపుకు పంపి ఉంటే చట్టం ముందు నిలబడవలసింది నేను, ఆయన కాదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. నాందేడ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయడానికి కాగితాలు సిద్ధమవుతున్నాయి. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, గడువు రెండేళ్లు. ఆయన తన చేత్తో రాసిచ్చిన బిల్లులో ‘కొలతకు చేసిన జీను’ అని స్పష్టంగా ఉంది. దాని పక్కన అక్టోబరు లేబుల్ పెడితే ఇక నేను చెప్పవలసింది పెద్దగా ఉండదు.

కొత్త జీను చేయించుకునేవారికి రెండు మాటలు. కొలత కాగితాల నకలు అక్కడికక్కడే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. మనిషి ఎక్కి నడకా దుడికీ చూసి, జీను దించి చెమట మచ్చలు పరిశీలించిన తరువాతనే మిగతా సొమ్ము ఇవ్వండి. సర్టిఫికెట్టు ఇంగ్లండు సొసైటీ ఆఫ్ మాస్టర్ శాడ్లర్స్‌ది అంటే, ఆ సంస్థ తన దగ్గర అర్హత పొందిన ఫిట్టర్ల పేర్లు బహిరంగంగానే ఉంచుతుంది, చూసుకోవచ్చు.

ఈయన దగ్గర ఈ ఏడాది జీనులు తీసుకున్నవారు ఎవరైనా ఉంటే, కవరు లోపలి అంచూ జీను రెక్క కింది ముద్రా ఫొటో తీసి, మీ కొలత తీసిన తేదీతో, బిల్లుతో సహా నాకు పంపండి. ఒకే రకంగా నష్టపోయినవాళ్లం కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చునని వకీలు చెప్పారు.