పిల్లలకి డ్రై సిరప్పా, నీళ్లలో కరిగే బిళ్లా?

అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ అడిగితే మందుల షాపులో "సిరప్పా, డీటీనా?" అంటారు. డీటీ అంటే నీళ్లలో కరిగే బిళ్ల. మందు ఒకటే. తేడా అంతా ఇంట్లో మన చేతుల్లో జరిగే పొరపాట్లలోనే.

సిరప్ సుగుణం కొలత. పిల్లల డోసు బరువుని బట్టి కడతారు కాబట్టి 3 మి.లీ., 4 మి.లీ. అని కచ్చితంగా పోయొచ్చు. పసివాళ్లకైతే సూది లేని సిరంజితో బుగ్గ పక్కగా కొద్దికొద్దిగా పట్టొచ్చు. తంటాలు కూడా ఇక్కడే. సీసాలో ఉండే పొడిలో కాచి చల్లార్చిన నీళ్లు ఒకేసారి పోస్తే నురగలో సీసా మీది గీత కనబడదు. సగం పోసి బాగా కుదిపి, నురగ తగ్గాక గీత దాకా నింపాలి. తర్వాత ప్రతిసారీ కుదిపే పోయాలి. పైగా సీసాలు ఒక రకం కావు: 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండేదొకటి, 250 ఉండేదొకటి. కిందటిసారి మూతెడు పట్టాం కదా అని ఇప్పుడూ అంతే పోస్తే డోసు రెట్టింపైనా కావచ్చు, సగమైనా కావచ్చు. వంటింటి చెంచా ఊసే వద్దు.

అమాక్సిసిలిన్‌తో పాటు క్లావులనిక్ యాసిడ్ అనే ఇంకో మందు కలిసిన సిరప్ అయితే నీళ్లు కలిపాక ఫ్రిజ్‌లోనే ఉండాలి, అదీ సాధారణంగా 7 రోజులే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కొట్టాక విశాఖలో కరెంటు లేని రోజులు గుర్తున్నవాళ్లకి ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు.

బిళ్లకి ఫ్రిజ్ గొడవ లేదు. శ్రీకాకుళం అమ్మమ్మగారింటికి వెళ్లినా జేబులో పడుంటుంది. చెంచాడు నీళ్లలో కరిగించి వెంటనే తాగించి, గిన్నె తొలిపి ఆ నీళ్లూ పట్టాలి. మన సముద్రపు గాలికి చెమ్మ పట్టేస్తుంది కనుక సరిగ్గా వేసే ముందు మాత్రమే స్ట్రిప్ చింపాలి. 5 ఏళ్లలోపు పిల్లల న్యుమోనియాకి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసేదీ 250 మి.గ్రా. కరిగే బిళ్లే. కాకపోతే డోసు బిళ్ల లెక్కకి సరిపోవాలి, అందాజుగా ముక్కలు విరవకూడదు.

డాక్టరు సరేనంటే, డోసు కుదిరితే నా ఓటు బిళ్లకే. నెలల పసిపిల్లలకి మాత్రం సిరప్పే.

మాత్ర మింగలేని తాతయ్యకీ డీటీ హాయే, షుగర్ ఉంటే మరీను. అలాగని మనవడి స్ట్రిప్‌లో మిగిలింది ఇచ్చేయకండి. కిడ్నీలు బాగా దెబ్బతింటే డోసు తగ్గించాల్సి వస్తుంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే రక్తపరీక్ష అవసరం పడొచ్చు. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతి మందే కనుక, పెన్సిలిన్ పడనివాళ్లకి సిరప్పూ, బిళ్లా రెండూ కూడవు, ఆ సంగతి డాక్టరు అడక్కముందే చెప్పాలి.