ర్యూగెన్‌లో బస: రద్దయిన జిల్లాలో ఒక యాత్ర

ఉత్తర జర్మనీలో, బాల్టిక్ సముద్రంలో ఉన్న ర్యూగెన్ దీవికి వెళ్ళదలచినవారు ఒడ్డున ఉన్న విహారపు ఊళ్ళలో కాక, దీవి నడిబొడ్డున ఉన్న బెర్గెన్‌లో బస తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. దీనికి సగం కారణం ఆ ప్రాంతపు భూగోళం, మిగిలిన సగం ఒక ఫ్లాటు యజమానురాలు మా చేతిలో పెట్టిన బిల్లు.

సముద్రానికి దగ్గరగా ఉంటుందని వారాంతానికి మాట్లాడుకున్న ఆ ఫ్లాటుకు ప్రకటనలో చూపిన అద్దె రాత్రికి 96 యూరోలు. తాళం చేతికిచ్చేటప్పుడు ఆమె ఒక అచ్చు కాగితం తీసి, చివరిరోజు శుభ్రం చేయడానికి 75 యూరోలు, దుప్పట్లకు, తువ్వాళ్ళకు మనిషికి 16 చొప్పున 48 యూరోలు, మేము రైల్లో వచ్చామని చెబుతున్నా వినకుండా కారు నిలుపుకునే చోటుకు రోజుకు 8 యూరోలు అని వరుసగా చదివింది. అదంతా ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నదట. నేను ఎంత వెతికినా దుప్పట్ల సంగతి కనిపించింది గాని, పార్కింగు సంగతి కనిపించలేదు. తీరా లోపలికి వెళితే వంటగది పొగగొట్టం జాలీకి పాత నూనె జిడ్డు పట్టి ఉంది, సింకు కింది బుట్టలో ముందువాళ్ళ కాఫీ పిప్పి అలాగే ఉంది. వెళ్ళేముందు గిన్నెలు కడిగి, చెత్తను నాలుగు రకాలుగా వేరుచేసి, నేల ఊడ్చి వెళ్ళవలెనని గోడమీద ప్లాస్టిక్ తొడిగిన నోటీసు ఒకటి. "మనమే ఊడ్చేదానికి డెబ్భై అయిదు యూరోలా?" అని మా ఆవిడ ఆ సాయంత్రం మొదలుపెట్టిన మాట తిరుగు రైలెక్కేదాకా ఆగలేదు. ఆమెతో నాకు భేదాభిప్రాయమేమీ లేదు.

వీటితోపాటు కట్టిన విహారపు పన్నును మాత్రం నేను తప్పుపట్టను. ఈ తీరంలో విహారకేంద్రాలుగా గుర్తింపు పొందిన ఊళ్ళు యాత్రికుల వద్ద తలకింత, రాత్రికింత అని వసూలు చేస్తాయి. రేటు ఊరిని బట్టి, రుతువును బట్టి మారుతుంది. ఒకప్పుడు ఈ దీవికి ఉన్న ర్యూగెన్ జిల్లా కాగితం మీద పోయింది గాని, ఊళ్ళ అధికారం చెక్కుచెదరలేదు.

ఈ జిల్లా సంగతి మాకు పట్టించినది మా నాన్నగారు. రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి కావడంతో, బెర్గెన్ స్టేషన్లో దిగుతూనే "ఇక్కడ కలెక్టరాఫీసు ఏదిరా?" అన్నారు. ఇప్పుడు లేదు, 2011 సెప్టెంబరు 4 నుంచి జిల్లా కేంద్రం వంతెన అవతల, ప్రధాన భూభాగంలోని ష్ట్రాల్‌జుండ్‌లో ఉంది. ఆరోజు మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పోమెర్న్ రాష్ట్రంలోని 12 గ్రామీణ జిల్లాలను 6 చేశారు. ర్యూగెన్ జిల్లాను, పక్కనున్న నోర్డ్‌ఫోర్‌పోమెర్న్ జిల్లాను, అప్పటిదాకా ఏ జిల్లాకూ చెందని నగరంగా ఉన్న ష్ట్రాల్‌జుండ్‌ను కలిపి ఫోర్‌పోమెర్న్-ర్యూగెన్ జిల్లా చేశారు. పాత జిల్లా విస్తీర్ణం 974 చదరపు కిలోమీటర్లు, జనాభా చివరికి డెబ్భై వేల లోపే. "మన దగ్గర ఒక పెద్ద మండలం పాటి జనం లేరు, దీనికి జిల్లా ఎందుకూ?" అన్నారు నాన్నగారు. అయితే 2022లో పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారినప్పుడు సణిగినది కూడా ఆయనే.

జిల్లా ఎందుకన్నదానికి జవాబు ర్యూగెన్ చరిత్రలోనే ఉంది. ఇది 1168 దాకా స్లావు జాతికి చెందిన రానీ తెగవారి రాజ్యం, ఆ తరువాత డెన్మార్క్‌కు లోబడిన సంస్థానం. 1325లో ఆ వంశం అంతరించి పోమెరేనియా ప్రభువుల చేతికి, 1648లో స్వీడన్‌కు, 1815లో ప్రష్యాకు వెళ్ళింది. ప్రష్యావాళ్ళు బెర్గెన్ కేంద్రంగా జిల్లా ఏర్పరచారు. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1952లో దీన్ని బెర్గెన్, పుట్‌బుస్ అని రెండుగా చీల్చి, కొన్నేళ్ళకే మళ్ళీ ఒకటి చేసింది. 1936లో గట్టుదారి వేసేదాకా ప్రధాన భూభాగం నుంచి ఇక్కడికి పడవ తప్ప దారి లేదు. 2007లో తెరిచిన పెద్ద వంతెన పొడవు 2.8 కిలోమీటర్ల పైనే.

ఇక భూగోళం. పటంలో ఒక దీవిగా కనిపించేది నిజానికి ఇసుక తిన్నెలు అతికించిన నాలుగైదు ముక్కల సముదాయం. నడుమ బెర్గెన్ ఉన్న మైదానం, ఈశాన్యాన సుద్దకొండల యాస్ముండ్, ఉత్తరాన గాలికి చెట్టు నిలవని విటో, ఆగ్నేయాన వేలికొసల్లా విడిపోయిన మ్యోంష్‌గుట్. వాటి మధ్యకు చొచ్చుకొచ్చిన లోతు తక్కువ ఉప్పునీటి పాయలు. అందుకే ఇంత చిన్న దీవికి 574 కిలోమీటర్ల తీరరేఖ ఉంది, అందుకే కంటికి ఎదురుగా కనిపించే ఊరికి చేరడానికి గంటన్నర పడుతుంది. రైళ్ళూ బస్సులూ కలిసేది బెర్గెన్‌లోనే. అక్కడ మేము దిగిన చిన్న బసయింట్లో (దాన్ని ఇక్కడ పెన్షన్ అంటారు) ముగ్గురికి గది, ఉదయం ఫలహారంతో సహా 118 యూరోలు అన్నారు, 118 యూరోలే తీసుకున్నారు. ఊరు చూడడానికి నిద్రమొహంగానే ఉంటుంది; అయితే రూగార్డ్ గుట్టమీద 1877లో పూర్తయిన ఆర్న్‌ట్ బురుజు ఎక్కితే, పైన చెప్పిన ముక్కలన్నీ ఎక్కడెక్కడ అతికాయో ఒక్క చూపులో తెలిసిపోతుంది. దీవి యాత్ర అక్కడ మొదలుపెట్టడం మంచిది.

ఉత్తరపు కొసన ఉన్న ఆర్కోనాకు ఒక పూట పూర్తిగా కేటాయించాలి. కార్లను పుట్‌గార్టెన్‌లోనే ఆపేస్తారు; అక్కడి నుంచి నడక, లేదా ట్రాక్టరులాంటి బొమ్మరైలు. మేము నడిచాము. ఇక్కడే రానీల దేవుడు స్వాంతెవిట్ ఆలయం ఉండేది. నాలుగు తలల నిలువెత్తు కొయ్య విగ్రహమని డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో వర్ణించాడు. 1168లో డెన్మార్క్ రాజు వాల్డెమార్, బిషప్ అబ్సలోన్ కోటను ముట్టడించి, విగ్రహాన్ని గొడ్డళ్ళతో నరికించారు. నాలుగు తలలనగానే నాన్నగారు "బ్రహ్మదేవుడికి ఇక్కడా గుడి మిగల్లేదన్నమాట" అన్నారు. కోటగోడ మట్టికట్ట కొంత మిగిలింది, తక్కినది సుద్దకొండ విరిగి సముద్రంలో పడిపోయింది, ఇంకా పడుతూనే ఉంది. పక్కనున్న రెండు దీపస్తంభాలలో 1820లలో కట్టిన చదరపు ఇటుక కట్టడమే అందం. 1902 నాటి ఎత్తైనది ఎవరికీ గుర్తుండదు.

సుద్దకొండలకు పేరుమోసిన క్యోనిగ్స్‌ష్టూల్ ఎత్తు 118 మీటర్లు. కొండను కాపాడడానికని 2023లో దాని మీదుగా గాలిలో వేలాడే నడకదారి కట్టారు. దానికి టికెట్టు కొనాలి. నిజం చెప్పాలంటే ఆ దారిమీద నిలబడితే కొండే కనిపించదు. రేవుపట్టణం జాస్‌నిట్స్ నుంచి బీచ్‌వృక్షాల అడవిలో ఒడ్డు వెంబడి ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే, డబ్బు కట్టకుండానే తెల్లటి గోడలు మలుపుమలుపుకూ కనిపిస్తాయి. ప్రోరాలో నాజీలు ఇరవై వేలమంది విహారానికని కట్టి, యుద్ధం రావడంతో వదిలేసిన నాలుగున్నర కిలోమీటర్ల భవనాల వరుసను బస్సు కిటికీలోంచి చూసినా సరిపోతుంది. ఇప్పుడు వాటిలో చాలా భాగం ఖరీదైన ఫ్లాట్లు.

భోజనం విషయంలో మాత్రం మేము ఊహించనిది జరిగింది. జాస్‌నిట్స్ రేవులో కట్టి ఉన్న ఒక పడవలోంచే చేపలమ్ముతున్నారు. నర్సాపురం మనిషి కావడంతో నాన్నగారు చేపను ముక్కుతో పరీక్షించనిదే ముట్టరు. పిండి అద్ది వేయించి, వెనిగర్‌లో ఉల్లిపాయ చక్రాలతో రాత్రంతా ఊరబెట్టిన హెర్రింగు చేపను కాగితం పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. రెండు చేపలు, రొట్టెముక్క, 7 యూరోల 50 సెంట్లు. ఆయన ముల్లుతీస్తూ, తోలు ఎత్తి చూస్తూ, ఒక్క మాటా మాట్లాడకుండా తిని, ఇంకో పళ్ళెం తెమ్మన్నారు. కారం లేదన్న ఫిర్యాదు రెండో పళ్ళెం అయ్యాకగాని రాలేదు. మా ఆవిడ ముఖం కూడా ఆ పూటే విచ్చుకుంది. అక్కడే అమ్మే నారింజరంగు ముళ్ళపండ్ల రసం మాత్రం గ్లాసు 4 యూరోలు పెట్టి కొనకండి, చక్కెర తప్ప మరేమీ తెలియదు.

ప్రయాణ ఖర్చులకు బెర్లిన్ నుంచి వచ్చేవారికి నా సలహా, నెలవారీ డాయిష్‌లాండ్ టికెట్టు తీసుకొమ్మని. 2025లో దాని ధర 58 యూరోలు, ప్రాంతీయ రైళ్ళన్నిటికీ చెల్లుతుంది. ఒక్క నెలకని కొన్నవారు ఆ నెల పదో తేదీలోగా రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా కోసేస్తారు. ష్ట్రాల్‌జుండ్‌లో బసచేసి రోజూ దీవికి వచ్చిపోవచ్చని చెప్పేవారున్నారు. దీవి తూర్పు ఒడ్డున ఉన్న బింట్స్ దాకా రైల్లో గంట, ఆపైన బస్సు అనేసరికి పెద్దవాళ్ళతో అది కుదిరే పని కాదు. పుట్‌బుస్ నుంచి గ్యోరెన్ దాకా 24 కిలోమీటర్లు నడిచే పొగబండికి టికెట్టు విడిగా కొనుక్కోవాలి. గంటకు ముప్పై కిలోమీటర్లు మించని ఆ బండిలో బొగ్గునుసి కళ్ళలో పడుతుందని కిటికీ మూయమన్నది మా ఆవిడ, వద్దన్నది నాన్నగారు. ఎక్కేవారు పుట్‌బుస్‌లోనే ఎక్కండి, బింట్స్‌లో కూర్చోవడానికి చోటు దొరకదు.