దుకాణానికి నలభై నిమిషాలు, బానిసల శ్మశానానికి సమయం లేదు

వాషింగ్టన్ నగరం నుంచి అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నాన్‌కు వ్యాన్ యాత్ర బుక్ చేసుకోకండి. మనిషికి 110 డాలర్ల చొప్పున అన్నయ్య, వదిన, నేను 330 డాలర్లు పోసి బాధపడ్డాం. తీసుకెళ్లిన గైడు దారి పొడవునా జార్జి వాషింగ్టన్ గుర్రాల గురించీ తోటల గురించీ చెప్పాడు. 1799లో ఆ ఎస్టేటులో 317 మంది బానిసలు ఉండేవారు. వారి సంగతి వచ్చేసరికి "ఇంటి మనుషుల్లా చూసుకునేవారు" అని తేల్చేశాడు. వదిన ఊరుకోలేదు. "అంత బాగా చూసుకుంటే వాళ్లింటి బానిస ఓనా జడ్జ్ ఎందుకు పారిపోయింది?" అని అడిగింది. జవాబు లేదు. బానిసల శ్మశానం చూపించమంటే ఆలస్యమవుతుందన్నాడు, జ్ఞాపికల దుకాణం దగ్గర మాత్రం నలభై నిమిషాలు ఆపాడు. డబ్బు వెనక్కి ఇమ్మని ఆ సంస్థకు రాశాం, ఉలుకూ పలుకూ లేదు.

వదిన ఊరికే అడగలేదు. 1796 మే నెలలో, వాషింగ్టన్ అధ్యక్షుడిగా ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడు, ఓనాను పట్టిస్తే 10 డాలర్లు ఇస్తామని అక్కడి పత్రికలో ప్రకటన వేయించారు. అందులో చెప్పిన ఆనవాళ్లు: చర్మం మీద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు, నల్లని కళ్లు, ఇరవై ఏళ్ల వయసు, దండిగా మంచి బట్టలు. పారిపోవడానికి ఆమెకు ఏ కారణమూ లేదని కూడా అందులోనే రాయించారు! మార్తా వాషింగ్టన్ ఆమెను తన మనవరాలికి ఇచ్చేయాలని నిశ్చయించింది. ఇంటివారు భోజనం చేస్తుండగా ఓనా బయటపడి, ఓడలో న్యూ హాంప్‌షైర్ చేరింది. 1848లో చనిపోయేవరకూ చట్టం లెక్కలో ఆమె పరారీలో ఉన్న బానిసే.

మనిషి దొరకాలంటే ఆనవాళ్లు నిజంగా చెప్పక తప్పదు. అందుకే పారిపోయిన బానిసల కోసం వేసిన ఇలాంటి ప్రకటనలలో యజమానులే తమ క్రూరత్వానికి సాక్ష్యం రాసిపెట్టారు. వీపు మీద కొరడా మచ్చలు, కాల్చిన ముద్రలు, తెగిన చెవులు. "భార్య ఉన్న తోటవైపు పోయి ఉంటాడు" అనే ఊహలు. తరువాత అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ పారిపోయిన తన బానిస కోసం 1804లో ప్రకటించిన బహుమానం 50 డాలర్లు. పట్టుకున్నవారు ఆ మనిషిని కొరడాతో కొడితే వంద దెబ్బలకు మరో 10 డాలర్లు, మూడు వందల దెబ్బల వరకు! అది చదివాక అన్నయ్య ఆ రాత్రి భోజనం ముట్టలేదు.

మర్నాడు సొంత కారులో మరో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోకు వెళ్లాం. షార్లట్స్‌విల్‌లో బసకు 124 డాలర్లు, గది శుభ్రంగానే ఉంది. మాంటిచెల్లోలో బానిసత్వం గురించిన నడక యాత్రకు వేరే రుసుము లేదు, ప్రవేశ టికెట్‌లోనే కలిసి ఉంది. అక్కడి గైడమ్మను జెఫర్సన్ దగ్గర నుంచి పారిపోయిన బానిస శాండీ గురించి అడిగితే తడుముకోకుండా చెప్పింది. అతను చెప్పులు కుట్టేవాడు, ఎడమచేతి వాటం. 1769లో తెల్ల గుర్రం, పనిముట్లు తీసుకుని వెళ్లిపోయాడు. జెఫర్సన్ ప్రకటన వేయించి పట్టించి, 1773లో 100 పౌండ్లకు అమ్మేశాడు. వదిన ముఖం అప్పటికి తేటపడింది, అడిగినదానికి జవాబు దొరికినందుకు.

వెళ్లేవారు ముందు మల్బరీ రో చూడండి, బానిసలు బతికిన, పనిచేసిన వీధి అది. జెఫర్సన్ గదులు ఆ తరువాత చూడవచ్చు. కార్నెల్ విశ్వవిద్యాలయం చేపట్టిన 'ఫ్రీడమ్ ఆన్ ద మూవ్' అనే ఆన్‌లైన్ సేకరణలో ఇలాంటి ప్రకటనలు వేల సంఖ్యలో ఉచితంగా ఉన్నాయి. బయలుదేరే ముందు ఒక పది చదివితే గైడును ఏమి అడగాలో తెలుస్తుంది.